ఈ ఏడాదికి ప్రపంచం మాయ

గురజాల,
9 ఆగస్టు 1948.

బావగారికి,

నా కాలేజీ ఉద్యోగం పోయింది. అక్కకు మాత్రం మెల్లగా చెప్పండి.

యుద్ధకాలంలో కమ్యూనిస్టులు సర్కారు పక్షాన ఉన్నప్పుడు నేను తత్వశాస్త్రం క్లాసులో ఉన్నదంతా పదార్థమేనని చెబితే మా కాలేజీ కమిటీ అధ్యక్షులు మెచ్చుకున్నారు. కమ్యూనిస్టుల అరెస్టులు మొదలయ్యాక ఆయనే పిలిచి, "ఏంది మేస్టారూ, పోలీసులు చానామంది తిరుగుతున్నారు. ఈ ఏడాదికి ప్రపంచం మాయ అని చెప్పండి" అన్నారు.

అలాగే చెప్పాను. దయామణి అనే విద్యార్థిని లేచి, "అయితే జైలూ మాయేగదండీ. మరి మీరెందుకు భయపడి పాఠం మార్చారు?" అని అడిగింది.

నాకు సిగ్గేసింది. అప్పటికప్పుడే పాత పాఠం మళ్లీ అందుకున్నాను. సాయంత్రానికల్లా తీసేశారు.

మీ మాచర్ల బడిలో లెక్కల మాస్టరు ఉద్యోగమేమైనా ఖాళీగా ఉందా? త్రిభుజానికి మూడు భుజాలంటే ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ అభ్యంతరం చెప్పలేదు.

మీ బావమరిది