జాకీ మీద నా పీట

ఏవండీ,

ఈ ఉత్తరం పోస్టులో వేసేది కాదని తెలుసు. అయినా ఈ సంగతి మీకు కాక ఎవరికి చెప్పను?

ఈ రోజు మన పాత ఫియట్ రాయదుర్గం రోడ్డు మీద పంక్చరైంది. హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన భవనంలో అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు నాన్న కారులోనే వెళ్తానని పట్టుబట్టింది. తోడుగా నేనూ ఎక్కాను.

ఒక ట్రాక్టర్ డ్రైవర్ సాయానికి ఆగాడు. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీని తలుపు కింద అంచుకు ఆనించబోయాడు.

"అక్కడొద్దు బాబూ! పాత రేకు, లోపలికి పోతుంది. ఇంకాస్త లోపల గట్టి దూలం ఉంది, దాని కింద పెట్టు," అన్నాను. అమ్మాయి నా వంక అదోలా చూసింది. మాటలు మీవి మరి.

"గట్లనే అమ్మా. నడుమ పెట్టనీకి చెక్క గిట్ల ఉందా?"

డిక్కీ తీసి నా వంటింటి పీట ఇచ్చాను. దాని కోసం మీతో ఎంత పోట్లాడేదాన్ని! కూర తరుగుదామంటే పీట ఉండేది కాదు, మీరేమో కారు కింద ఉండేవారు. మీరు పోయాక కూడా దాన్ని ఇంట్లోకి తెచ్చుకోలేదు. వంటింటికి వేరేది కొనుక్కున్నాను.

కారు ఎక్కడా సొట్ట పడకుండా లేచింది. అమ్మాయి టైముకే ఆఫీసు చేరింది.

సాయంత్రం పీట తిరగేసి చూశాను. జాకీ ఒత్తిన మీ గుంటలు నల్లబడి ఉన్నాయి. వాటి పక్కనే తెల్లగా కొత్తది ఒకటి.

అది నాదండీ.