ఒక పక్కే పాకిన తీగ

ఫిబ్రవరి 6, ఉదయం

కళ్ళజోడు మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ నంబర్ అలాగే సేవ్ చేసుకున్నాను. ఇళ్ళలో చేతిపనులు చేసేవాళ్ళ సరుకు మాత్రమే అమ్మే పెద్ద షోరూమ్ ఆవిడది. ఇరవయ్యో తారీఖున నా దండలు మూడు తీసుకురమ్మంది. నచ్చితే షోకేసులో ఒక అర మొత్తం నాకే ఇస్తుందట. అర మీద నా పేరుతో కార్డు పెడుతుందట.

కార్డు మీద నా పేరు! ఇన్నేళ్ళుగా కిటికీ పక్క టేబుల్ మీద ట్రే పెట్టుకుని పూసలు గుచ్చుతున్నాను. నలుగురిలోకి వెళ్తే నాకంటే ముందు నా దండే కనిపిస్తుంది జనానికి. ఎక్కడ కొన్నారు అని అడుగుతారు. ఎవరు చేశారు అని ఒక్కరూ అడగరు.

అమ్మకి చెప్పాను. మంచిదే అంది. చిట్టికి కూడా చెప్పావా అంది.

చిట్టి నా చెల్లెలు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటుంది. మరిదితో కలిసి బస్టాప్ దగ్గర ఫ్యాన్సీ షాపు నడుపుతోంది. రిబ్బన్లు, క్లిప్పులు, హ్యాండ్‌బ్యాగులు. మొగుడూ పెళ్ళాం ఈగలు తోలుకుంటున్నారని అమ్మ దిగులు. పెళ్ళికి ముందు చిట్టి నా పక్కనే కూర్చుని గుచ్చేది. చెయ్యి మహా చురుకు. నమూనా ముందు పెడితే పూసలు లెక్కపెట్టుకుని అచ్చంగా దించేస్తుంది. సొంతంగా ఏదైనా చెయ్యవే అంటే ఆవలింతలు వచ్చేవి.

ఫోన్ చేసి చెప్పాను. ఎగిరి గంతేసినంత పని చేసింది. ఏ డిజైన్ పెడుతున్నావని అడిగింది. తీగ దండ అన్నాను.

ఫిబ్రవరి 9

తీగ దండ అమ్మ భుజం వల్ల పుట్టింది. బాత్రూమ్‌లో జారిపడి ఎముక విరిగింది అమ్మకి. అతుక్కుంది గానీ సరిగ్గా అతుక్కోలేదు. ఎడమ భుజం కిందికి దిగిపోయింది. ఏ గొలుసు వేసుకున్నా లాకెట్టు ఒక పక్కకి జరిగిపోయేది. సర్దుకుని సర్దుకుని విసుగొచ్చి మెడలో వేసుకోవడమే మానేసింది. అద్దం చూసుకోవడం కూడా తగ్గించేసింది.

నాకు చూడబుద్ధి కాలేదు. ఒక దండ కట్టి, కుడిపక్క కాస్త పొడుగు పెంచాను. పెంచినట్టు తెలియకుండా ఆ పక్కన పచ్చ పూసలతో తీగ పాకించాను. చిన్న చిన్న ఆకులు, అక్కడక్కడ ఎర్ర మొగ్గ. రెండో పక్క ఉత్త తెల్ల పూసలు. అమ్మ మెడలో వేస్తే లాకెట్టు బుద్ధిగా నడిమికి వచ్చి కూర్చుంది. ఆ రోజు అమ్మ అద్దం ముందు నుంచి కదల్లేదు. పక్కింటావిడని పిలిచి మరీ చూపించింది.

మేడమ్‌కి ఇచ్చేది అదే తీగ, కానీ మామూలు భుజాలకి. రెండు పక్కలా పొడుగు సమానంగా ఉండాలి. అలా చేస్తే ఆకుల బరువు తీగ పక్కకి లాగుతోంది. రెండో పక్క కాస్త బరువైన తెల్ల పూసలు వెయ్యాలి, కానీ బరువైనవని కంటికి తెలియకూడదు. పొద్దున్నుంచి గుచ్చడం, విప్పడం, గొణుక్కోవడం. అమ్మ పక్కన కూర్చుని నా గొణుగుడంతా వింటూ నవ్వుతోంది.

అమ్మ మెడ బోసిగా ఉంది. దండేదని అడిగాను. సబ్బు పడితే మెరుపు పోతుందని తీసి బీరువాలో పెట్టిందట. నేను చేసిన వస్తువంటే ఎంత అపురూపమో అనుకున్నాను.

ఫిబ్రవరి 10

పచ్చ పూసలు అయిపోయాయి. సగం తీగ. మూడ్ ఆఫ్.

ఫిబ్రవరి 11

పూసలాయన కొట్టుకి వెళ్ళాను. ఆ పచ్చ ఉన్నదంతా మీ చెల్లెలు పట్టుకెళ్ళిందన్నాడు. ఎర్రవి కూడా. మీకోసమే కదా అన్నాడు. అవునన్నాను.

దారంతా నవ్వుకుంటూ వచ్చాను. పిచ్చిది, నాకు చెప్పకుండా ముందే కొని పెట్టింది. ఇరవయ్యో తారీఖు లోపు వచ్చి ట్రేలో గుమ్మరించి, ఎలా ఉంది అక్కా అంటుంది. చిన్నప్పుడూ అంతే. ఒక చాక్లెట్ ఇవ్వాలన్నా నన్ను కళ్ళు మూసుకోమనేది.

ఫిబ్రవరి 13

చిట్టికి ఫోన్ చేశాను. పూసల మాట ఎత్తలేదు, సర్‌ప్రైజ్ పాడుచెయ్యడం ఎందుకని. తనూ ఎత్తలేదు. బిజీగా ఉన్నానంది. షాపు పుంజుకుందట. పోనీలే, అమ్మ దిగులు తీరింది.

ఫిబ్రవరి 17

చిట్టి రాలేదు. మర్చిపోయి ఉంటుంది. ఇక ఆగలేక నేను వేసుకునే పాత దండ విప్పి పచ్చ పూసలు తీశాను. తీగ పూర్తయింది. అమ్మకి పెట్టి చూద్దామని లేచి, ఇది అమ్మ భుజానికి సరిపోదు కదా అని నా మెడలోనే పెట్టుకున్నాను. లాకెట్టు ఇటూ అటూ కదల్లేదు. చాలా బాగుంది. నా పనిని నేనే మెచ్చుకుంటున్నాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ మెచ్చుకుంటాను?

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

రాసేస్తే మనసు తేలికపడుతుందేమో.

మేడమ్ మొదటి రెండు దండలు చూసి తలూపింది. తీగ దండ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. నచ్చిందనుకున్నాను. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అసిస్టెంట్‌ని పిలిచింది. ఆ అమ్మాయి ఫోన్‌లో ఫోటో చూపించింది. నా తీగ. నా ఆకులు. నా ఎర్ర మొగ్గలు. బస్టాప్ దగ్గర ఫ్యాన్సీ షాపులో వారం నుంచి అమ్ముతున్నారట. తనకి తెలిసినవాళ్ళు కూడా కొన్నారట.

మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జాలిగా చూసింది. చూసి నేర్చుకోవడంలో తప్పు లేదట, కానీ ఇంకొకరి డిజైన్ మీద నా పేరు కార్డు పెట్టడం కుదరదట. అంతా మెల్లగా, నన్ను నొప్పించకుండా చెప్పింది. ఆ షాపు నా చెల్లెలిదని చెప్పబోయాను. మానేశాను. దండలు సంచీలో వేసుకుని తేలు కుట్టిన దొంగలా వచ్చేశాను. దొంగతనం చెయ్యకుండానే.

ఫిబ్రవరి 20, సాయంత్రం

వెళ్ళి చూసొచ్చాను. రోడ్డుకి ఇవతలే నిలబడ్డాను. అద్దం వెనక నల్ల వెల్వెట్ బొమ్మ, దాని మెడలో తీగ దండ. పైన కొత్త బోర్డు, చిట్టి డిజైన్స్ అని. చిట్టి లోపల ఒకావిడకి అద్దం పట్టి చూపిస్తూ నవ్వుతోంది.

బొమ్మ మెడలో లాకెట్టు పక్కకి ఒరిగి ఉంది.

అప్పటిదాకా నాకు నేనే ఏవేవో సర్దిచెప్పుకుంటున్నాను. ఎవరో ఫోటో చూసి చేసి ఉంటారు, వాళ్ళ దగ్గర చిట్టి కొని ఉంటుంది, పాపం తనకేం తెలుసు అని. లాకెట్టు ఒరగడం చూశాక ఏ సర్దుబాటూ మిగల్లేదు. కుడిపక్క పొడుగున్న తీగ దండ లోకంలో ఒక్కటే ఉంది. చిట్టి దాన్ని ముందు పెట్టుకుని పూసలు లెక్కపెట్టి దించింది. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆ పొడుగు ఎందుకని మాత్రం ఆలోచించలేదు.

దండ బీరువాలో ఉందని అమ్మ చెప్పింది. బీరువా తాళం అమ్మ నడుముకే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 21

అమ్మని అడిగాను. దాచలేదు. చిట్టి అడిగితే ఇచ్చానంది. షాపు మూతపడేలా ఉందని పిల్ల ఏడ్చిందట. దండ మళ్ళీ తెచ్చి ఇచ్చేసింది కదా, చూసుకో అని బీరువా తెరిచి చూపించింది. నాకెందుకు చెప్పలేదన్నాను. చెబితే నువ్వు ఒప్పుకోవు కదా అంది. అంటే నేను ఒప్పుకోనని తెలిసే చేసింది.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందన్నాను. నాకోసం చేసిచ్చావు కాబట్టి అది నా సొమ్మే అంది. దండ నీది, ఆలోచన నాది అన్నాను. షోరూమ్ గురించి చిట్టికి నేనే చెప్పాను, ఏ డిజైన్ పెడుతున్నానో నేనే చెప్పాను, అంతా విన్నాక వచ్చి పట్టుకెళ్ళిందన్నాను. అరిచాను, నిజానికి. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అంతా విని, అప్పుడు ఈ మాట అంది. మర్చిపోకూడదని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఇది పోతే నీకు ఇంకోటి తోస్తుందే. దానికి తోచదు కదా."

అమ్మ దృష్టిలో నాకు తోచడమంటే కుళాయి తిప్పడం లాంటిది. ఎవరో బిందె పట్టుకెళ్తే ఏం పోయింది, మళ్ళీ తిప్పుకుంటుంది.

ఫిబ్రవరి 22

అమ్మతో మాట్లాడలేదు. కంచంలో పెట్టింది. తిన్నాను. కోపం కోపమే, ఆకలి ఆకలే.

ఫిబ్రవరి 25

చిట్టి వచ్చింది. నేను ట్రే ముందు నుంచి లేవలేదు. క్షమించమంటుందనుకున్నాను. తనేమంటుంది, నేనేమనాలి, ఎంతసేపు బెట్టు చెయ్యాలి, అన్నీ రిహార్సల్ వేసుకుని ఉన్నాను.

సంచీలోంచి తీగ దండలు తీసి నా టేబుల్ మీద పోసింది. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి ఇస్తున్నారట. లాకెట్టు నడుమ నిలవడం లేదట. నీ దాంట్లోనే ఏదో పొరపాటు ఉందక్కా, కాస్త చూసిపెట్టు అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నా సొత్తు పట్టుకెళ్ళి, అది సరిగ్గా లేదని నాకే రిపేరుకి తెచ్చింది.

నిజంగా నవ్వొచ్చింది. చచ్చినా చెప్పను అనుకున్నాను. కోపం తీర్చుకోవడానికి కూడా కాదు. ఆ ఒక్కటైనా నా దగ్గర ఉండాలని.

అమ్మ చెప్పేసింది. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మరీ చెప్పింది. నా భుజం కోసం అక్క కుడిపక్క పొడుగు గుచ్చింది, ఆ ఎక్కువ పూసలు తీసెయ్యి, రెండో పక్క కాస్త బరువైన తెల్లవి వెయ్యి, ఒరగదు అంది. బరువు సంగతి కూడా! నేను గొణుక్కుంటుంటే పక్కన కూర్చుని నవ్వింది ఇందుకా? దండ ఇచ్చిన సంగతి నా దగ్గర అంత గుట్టుగా దాచిన మనిషికి, చిట్టి ఎదుట నోట్లో నువ్వుగింజ నానలేదు.

చిట్టి దండలన్నీ సంచీలోకి ఎత్తుకుని థాంక్స్ అక్కా అంది. అమ్మకి కాదు, నాకు.

ఫిబ్రవరి 26

మౌనం నేనే విరిచాను. మేడమ్ దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పమని అమ్మని అడిగాను. ఈ దండ మొదట నా పెద్దకూతురు నాకోసం చేసింది అని. చిట్టిని ఏమీ అనక్కర్లేదు, షాపు ఊసే ఎత్తక్కర్లేదు. అర దక్కకపోయినా పర్వాలేదు. ఆవిడ నన్ను చూసిన ఆ జాలి చూపు పోతే చాలు. బతిమాలాను. నా నోటితో నేను బతిమాలాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అంది అమ్మ. ఇంటి గుట్టు బయటివాళ్ళ ముందు పెట్టలేనంది.

చించింది నేనా?

మార్చి 2, మధ్యాహ్నం

అమ్మ ఇంట్లో లేదు. బీరువాకి తాళం వెయ్యలేదు, లోపల దండ లేదు. ఈసారి ఏ షాపుకి?

మార్చి 2, సాయంత్రం

మేడమ్ దగ్గరికి వెళ్ళిందట! ఒక్కతే, ఆటో మాట్లాడుకుని, మెడలో దండ వేసుకుని వెళ్ళింది. నీ సంగతి మాట్లాడి వచ్చానంది. ఇన్ని రోజులూ ఎన్ని మాటలన్నాను, ఎంత పెడమొహంగా తిరిగాను. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఫ్యాన్ వేశాను. చెప్పులు నేనే తీసి పక్కన పెట్టాను. మా అమ్మ, అనుకున్నాను.

ఇంతలో మేడమ్ ఫోన్. గొంతే మారిపోయింది. అపార్థం చేసుకున్నాను, సారీ అంది. అమ్మగారు అంతా చెప్పారంది. తీగ దండ మీ అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకచోట కూర్చుని ఆలోచించి చేసినదట కదా, ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అంది. అర ఇస్తుందట. కార్డు మీద ఇద్దరి పేర్లూ వేయిస్తుందట. వినడానికే ఎంత ముచ్చటగా ఉందో అని నవ్వింది.

ఫోన్ పెట్టేసి అమ్మ వైపు చూశాను. మొహం కళకళలాడిపోతోంది. గ్లాసు కింద పెట్టి అంది.

"ఇప్పటికి నా మనసు కుదుటపడింది. ఇద్దరికీ సమానం చేశాను."

అమ్మ నిజంగానే అలా అనుకుంటోంది. అదే భరించలేకపోతున్నాను. చిట్టి చేసినది దొంగతనమని చిట్టికి తెలుసు. అమ్మకి మాత్రం తను చేసినది న్యాయం.

మార్చి 3

అర వద్దని మేడమ్‌కి చెప్పాను. కారణం అడిగింది. మా అమ్మ అబద్ధం చెప్పిందని ఏ నోటితో చెప్పను? ఒంట్లో బాగాలేదన్నాను. అయ్యో, అయితే మీ చెల్లెలు చూసుకుంటుంది కదా అంది. అడిగి చూడండి అన్నాను.

మార్చి 6

కార్డు మీద ఒక్క పేరే వేశారట. చిట్టి పేరు. అమ్మే చెప్పింది. నువ్వే వద్దన్నావు కదే అంది. నేనే వద్దన్నాను.

మార్చి 15, ఉదయం

అమ్మ ట్రే పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చుంది. కొత్తగా ఏమైనా తోచిందా అని అడిగింది. ఏమీ తోచడం లేదమ్మా అన్నాను. నా తల నిమిరింది. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడే స్నానానికి వెళ్ళింది. గడియ పడింది. గడియ తీసిన చప్పుడు అయ్యేదాకా కొత్తది గుచ్చుతాను. అవగానే ట్రే మీద గుడ్డ కప్పేస్తాను.