గుమ్మం దగ్గర రెండు ఆల్టర్నేటర్లు

రాహేలూ,

గుమ్మం దగ్గర గోనెసంచిలో రెండు ఆల్టర్నేటర్లున్నాయి. బరువు, నువ్వెత్తకు. వాటిని బిగించడానికి మెకానిక్ వస్తే మన ఫియట్‌కి ఏదీ అక్కర్లేదని చెప్పి పంపించెయ్.

పైవాటా లక్ష్మీనర్సయ్యగారు తెచ్చారు. పాత ఫియట్ సామాను ఎక్కడా దొరకడం లేదని నిన్నంతా పాతసామాన్ల కొట్లు తిరిగారట. "సారూ, ఒకటి అసలుది, ఇంకోటి మారుతిది. ఏది పడ్తదో చూస్కోండ్రి, రెండోది వాపస్ ఇచ్చొస్త" అన్నారు. ఏది మంచిదో తేల్చుకుంటున్నట్టు నేను రెండూ తిప్పి తిప్పి చూశాను.

మనదానికి ఏమీ కాలేదు. పోయిన సోమవారం క్యాంపస్ గొడవలో వాళ్ళమ్మాయి శైలజకి తల పగిలిందని ఆయన పరుగున వచ్చి కారడిగితే, జై తెలంగాణ అంటున్న జనం మధ్యకి గుంటూరు నెంబరు బండి తీసుకెళ్ళడానికి భయపడ్డాను. ఆల్టర్నేటర్ పోయింది, బ్యాటరీ చార్జవక బండి స్టార్టవడం లేదని అబద్ధం చెప్పాను. పొద్దున బాగానే నడిచిందిగా అన్నావు నువ్వు. నీమీద అరిచాను.

ఇవాళ ఆ పిల్లకి కుట్లు విప్పించాలి. తార్నాక డాక్టరు దగ్గరికి ఇద్దర్నీ నేనే తీసుకెళ్తున్నాను.

ఎలీషా

కారు కనబడలేదని కంగారుపడకు. తాళం తిప్పగానే స్టార్టవుతుంది. ఆయన నా పక్కసీట్లోనే కూర్చుని ఉంటారు.