పొగమంచులో తమ్ముడి జాడ

చిట్టితల్లీ, ముందు ఈ మాట చదువు: నీ తమ్ముడు క్షేమం, కాలు మాత్రం విరిగింది.

కొండమీద తేనె తీస్తూ జారిపడ్డాడు. మోయలేక, నువ్వు ఏరికోరి కొని పంపిన, దారి చూపే జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టి, మనుషుల కోసం కిందికి దిగాను. మళ్లీ ఎక్కేసరికి పొగమంచు కమ్మేసింది. అందరూ ఎడమకే అన్నారు, నా మనసూ అటే లాగింది. జీపీఎస్‌లో బాణం మాత్రం కుడికి చూపింది.

"పెద్దాయనా, ఆ డబ్బాని నమ్ముతావా?" అన్నాడు నాతో వచ్చినవాళ్లలో ఒక మేస్త్రీ.

"నా కూతురు కొన్నదయ్యా!" అన్నాను. కుడికే వెళ్లాం. దొరికాడు తల్లీ, దొరికాడు!

తెర తాకేది కాకుండా మీటలున్నది ఎంచి మేలు చేశావు, చేతితొడుగులు తీయకుండానే నొక్కగలిగాను. దానిలో పెన్సిల్ సెల్లులు అయిపోయాయి, పంపు. నీ పాప దగ్గు తగ్గిందా?

వాడు పక్కనే మూలుగుతున్నాడు. ఆ మూలుగు వింటుంటే నాకు ప్రాణం లేచొస్తోంది. మీరంతా చల్లగా ఉండాలి.

నాన్న