పోశం వేలిముద్ర

కరీంనగర్,
12 నవంబరు 1966.

తమ్ముడు జలపతికి,

అక్క ఆశీస్సులు. ఈ ఉత్తరం చదివాక అవి నీకు అక్కర్లేకపోవచ్చు.

పోయిన వారం పరీక్షల పనిమీద బెల్లంపల్లి వెళ్లాను. గని క్వార్టర్ల దగ్గర ఒక ముసలివాడు నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మన ఇంట్లో జీతమున్న పోశం. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కూడా నేను ఆయనకు చిన్న దొరసానినే. "తమ్మునిది గా మోచెయ్యి ఎట్లుంది దొరసాని?" అన్నాడు మొదటి మాటగా. "రేడియోల పేరు ఇన్న. గీ పిలగాని చెయ్యి ఒంకర, నాకెరుకేనని మావోళ్లకు చెప్పిన. బొగ్గు తవ్వెటోనివి, నీకెట్ల ఎరుక అని నవ్విండ్రు." ఆయనా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నీకు ఆరేళ్లు, నాకు పదిహేను. నా పుస్తకం చించావని నిన్ను గద్దె మీది నుంచి తోశాను. మోచేయి విరిగింది. బాపు రాగానే, పోశం నిన్ను బండి మీది నుంచి దించబోయి జారవిడిచాడని చెప్పాను. పోశం పేరే ఎందుకంటే, దగ్గరలో ఉన్నది అతనొక్కడే. బాపు అతన్ని మన గడి వాకిట్లోని స్తంభానికి కట్టేసి కొట్టించాడు. మర్నాడు అతను ఊరొదిలి పోయాడు. వెదురు బద్దల కట్టు విప్పాక నీ చేయి పూర్తిగా చాపరాలేదు.

ఆ వంకర చేయే నీకు స్పిన్ ఇచ్చింది. నాలుగేళ్ల కిందట, నీ రెండో టెస్టులో అంపైర్, నువ్వు బంతి వేయడం లేదు, విసురుతున్నావని నో-బాల్ ఇచ్చాడు. నిన్ను పక్కన పెట్టిన క్రికెట్ బోర్డు పెద్దలు మన ఇంటికి రాశారు. చిన్ననాటి గాయం వల్లే చేయి వంగి ఉంటే అది విసరడం కిందికి రాదు, కానీ ఆ గాయం ఎలా తగిలిందో, చూసిన సాక్షి ఎవరో ఇంటివాళ్లు రాసి పంపాలి, ఆటగాడి మాట చాలదు అన్నారు. అప్పటికి బాపు లేడు. అవ్వకు చదువు రాదు. జవాబు నేను రాశాను. "చిన్నతనంలో ఏ గాయమూ తగలలేదు."

సాక్షి అంటే పోశం. పోశం నోరు విప్పితే నా అబద్ధం ఊరంతా తెలుస్తుంది. బడిలో నేను పెద్ద పంతులమ్మను. ఇదే కారణమని నాలుగేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ నీ ఫోటో పత్రికలో పడ్డ రోజు, బి.ఎ. చదివిన నా పేరు ఎక్కడా పడలేదే అనుకున్న మాటా నిజం. భయమా, అసూయా? తేల్చుకోలేకపోతున్నాను.

నీకు ముప్ఫై నాలుగే. స్పిన్ వేసేవాళ్లకు అది పెద్ద వయసు కాదంటావు కదా. జరిగిందంతా కాగితం మీద రాసి పోశానికి చదివి వినిపించాను. "ఇప్పుడెందుకు దొరసాని గవన్ని" అంటూనే వేలిముద్ర వేశాడు. ఆ కాగితం ఇందులో పెట్టాను. బోర్డు పెద్దలకు పంపు. నా పరువు పోతే పోనీ.

నీ అక్క,
ప్రమోదిని.


హైదరాబాద్,
20 నవంబరు 1966.

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. అందులో నాకు తెలియనిది నీ అసూయ ఒక్కటే. తోసిన చేతులు ఎవరివో పడ్డవాడికి తెలియదా?

ఆ రోజు బాపు నన్నూ అడిగాడు. "పోశమేనారా?" అన్నాడు. నీ ముఖం చూసి తల ఊపాను. ఆ తర్వాతే అతన్ని కట్టేశారు.

నీ జవాబు వాళ్లు అప్పుడే నాకు చూపించారు. ఇది అబద్ధం, అక్కను మళ్లీ అడగండి అనొచ్చు. అనలేదు. నిన్ను కాపాడాననుకోకు. అడిగితే నా సంగతీ బయటికొచ్చేది. పైగా, నాలుగేళ్లుగా నేనొచ్చినప్పుడల్లా నువ్వు నా ముఖం చూడకుండా వడ్డిస్తుంటే తృప్తిగా తిన్నాను.

ఇంకొకటి. నన్ను పక్కన పెట్టిన నెలకే పోశం ఇక్కడికి వచ్చాడు. మా బ్యాంకు మెట్ల మీద, తోటి ఆఫీసర్లందరి ముందు, "బాంచెన్, గా చెయ్యి చిన్నప్పుడే ఇరిగిందని నేను చెప్త. నా చేతులకెల్లి జారిండనే రాసుకోండ్రి. ఏలిముద్ర ఎక్కడెయ్యాలె?" అన్నాడు. ఎవరు నువ్వు అన్నాను. జవాను అతన్ని రెక్క పట్టుకుని మెట్లు దింపాడు. పోశం ఇది నీకు చెప్పలేదన్నమాట.

నువ్వు పంపిన కాగితం పొయ్యిలో వేశాను. నేను బంతి విసిరేవాడినే, జనం అలాగే అనుకోనీ. నీ పరువు నీ దగ్గరే ఉంటుంది. ఎన్నేళ్లు మోస్తావో చూస్తాను.

జలపతిరావు.