పొయ్యికి పెట్టని మొదటి అట్టు

చి. ల. సౌ. వర్వారాకు,

నీ భర్త తెరెంతి ఆశీస్సులతో రాస్తున్నాడు. ఇక్కడ మనుషులము, ఆవులు, గుర్రాలు అందరం క్షేమంగా ఉన్నాము. అక్కడ గని శిబిరంలో నీవూ, నీ వంటశాలా, నీ నడుమూ క్షేమమని తలుస్తాను. ఇక్కడి నేల కూడా క్షేమమని మాత్రం రాయలేను. దాని సంగతి వరుసగా వస్తుంది.

మే నెలలో నీవు రాసిన ఉత్తరం జిల్లా కేంద్రంలో మూడు వారాలు ఆగి నిన్నగాక మొన్న చేతికందింది. అందులో ప్రశ్నలు ఐదున్నాయి. నలభై నాలుగో ఏట రాత్రిబడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ప్రశ్నకు ప్రశ్నగా జవాబు రాయడం నాకు అలవాటు. నాలుగవదాన్ని మాత్రం చివరికి ఉంచుకుంటున్నాను. "పొయ్యికి మొదటి ముద్ద పెడుతున్నారా? మా తమ్ముడు మన గడప తొక్కడం లేదు కదా?" అని అడిగావు. పరీక్షలో కూడా కష్టమైన ప్రశ్నను నేను అలాగే వెనక్కి పెట్టేవాణ్ణి.

మొదటిది, చుక్కల ఆవు. ఏప్రిల్‌లో పెయ్యను ఈనింది. నుదుటిమీద తెల్ల మచ్చ ఉన్నది. పేరు నీవు వచ్చి పెడతావని ఇంకా పేరు లేకుండానే తిరుగుతున్నది.

రెండవది, మంచు కొట్టు. మా తాత తవ్విన ఆ నేలమాళిగలో జూలై నెలలో కూడా మన ఊపిరి పొగలా కనిపించేది గుర్తుందా? ఇప్పుడు అడుగున మోకాలి లోతు నీళ్ళు. నవంబరులో చెరువునుంచి కోసి తెచ్చిన తాగునీటి మంచుగడ్డలు సగానికి సగం కరిగాయి. గుర్రపు మాంసాన్ని పక్కింటి మాప్పా అవ్వ ఫ్రీజరుకు మార్చాను. "మీ ఆవిడ తిరిగొచ్చేసరికి సగమే ఉంటది, ముందే చెప్తున్నా. నాకు మిగిలినవి నాలుగు పళ్ళే గానీ అవి బాగా పనిచేస్తాయి" అన్నది. సగంతోనే సరిపెట్టుకోవలసి వస్తుందని నా అంచనా.

మూడవది, కుబాలాఖ్ గడ్డిబయలు. నీవు చూసిన బయలు కాదిప్పుడు. కిందటి జూలైలో కాలిన దక్షిణపు అంచున లార్చ్ చెట్లు నిలబడే చచ్చిపోయాయి. చెట్టూ, చెట్టు కింద నాచూ కలిసి నేలలోని మంచుకు దుప్పటి. ఆ దుప్పటి కాలిపోయింది. ఎండ నేరుగా లోపలికి దిగుతున్నది. అడుగున మంచు కరిగినచోటల్లా నేల కుంగి, మధ్యలో మట్టిదిబ్బలు మిగిలి, బయలంతా గుడ్లు పేర్చిన బుట్టలా తయారైంది. గడ్డి కోసే యంత్రం నడవదు. కంచె గుంజలు తాగినవాళ్ళలా తలొక వైపు ఒరిగాయి. మన ఎబే, మన ముసలమ్మ చెరువు, ఉత్తరపు గట్టుదాకా పెరిగింది. వారానికొకసారి గడకర్ర పాతి కొలుస్తున్నాను. లెక్కలు నీవు వచ్చాక చూపిస్తాను. చూస్తే నీకు నిద్ర పట్టదు కాబట్టి ఇక్కడ రాయను.

ఐదవ ప్రశ్న: ఊరు ఖాళీ చేయమంటున్నారట, నిజమేనా? నిజమే. మేలో నీవు విన్న పుకారు జూన్‌లో కాగితమై వచ్చింది. జూన్ మూడున కుబాలాఖ్‌లో మళ్ళీ పొగ లేచింది. అవును, కిందటేడు ఆరిపోయిందనుకున్న నిప్పే. ఆరో తేదీన అడవి అధికారి ఒకరు పటం పట్టుకుని వచ్చి ఊరివారిని క్లబ్బులో కూర్చోబెట్టారు. పాపం, కుర్రవాడే, బూట్లు కొత్తవి.

"ఈ అడవి దూరపు మండలం కిందికొస్తుందండీ. ఊరిదాకా రానంతవరకూ ఆర్పక్కర్లేదని నియమం. ఆర్పే ఖర్చు అడవి విలువకంటే ఎక్కువవుతుంది" అన్నారు.

మాప్పా అవ్వ కర్ర నేలకు తాటించింది. "ఏమబ్బాయ్, మీ అమ్మకి జొరమొచ్చినా ఇట్టాగే లెక్కేసుకుంటావా?"

క్లబ్బంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తరువాత ఇంకొక కాగితం తీశారు. ఎటూ నేల కుంగుతున్నది కాబట్టి పెద్ద ఊరికి తరలిపోవడానికి ఒప్పుకునేవారు సంతకం చేయాలట. నేను ఊళ్ళో నిప్పార్పే దళానికి నాయకుణ్ణి గనుక మొదటి సంతకం నాదే కావాలని కాగితం నా ముందుకు తోశారు.

నేను లేచి నిలబడి కోటు గుండీలు పెట్టుకున్నాను. "అయ్యా, నేల కరుగుతున్నదని నాకు మీరు చెప్పనవసరం లేదు. మూడు సంవత్సరాలుగా స్వహస్తాలతో కొలుస్తున్నాను. అయితే ఉపరితలంలోని వృక్షసంపదకూ, అంతర్భాగంలోని ఘనీభవించిన..."

"తెరెంతీ, పాఠం వద్దు. ఒక్క ముక్కలో చెప్పు నాయనా, నాకు పాలు పితకాలి" అన్నది అవ్వ.

"పోము" అన్నాను.

మరునాడు పంతొమ్మిదిమందిమి పారలు పట్టుకుని కుబాలాఖ్ వెళ్ళాము. నీవు ఆ పని చూడలేదు, చెబుతాను. అక్కడ మంట కనిపించదు. నేలలోపల, ఎండిన గడ్డి వేళ్ళలో నిప్పు పాకుతూ ఉంటుంది. నీళ్ళు పోస్తే బుస్సుమని పక్కకు పోతుంది. దానికి అడ్డంగా కందకం తవ్వాలి. పార నేల అడుగునున్న మంచుకు తగిలి టంగుమనేదాకా తవ్వితేనే అది ఆగుతుంది. మా నాన్న కాలంలో జానెడు లోతుకే టంగుమనేది. ఇప్పుడు నా నడుము మునిగినా ఆ చప్పుడు వినబడదు. దోమలు, పొగ, నల్లటి ఉమ్మి. ఒక్కరూ వెనక్కి పోలేదు.

రెండవ రోజున నీ తమ్ముడు మిచిల్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తన పాత ట్రాక్టరుకు నాగలి తగిలించుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా అడవి అంచున చాలు తీయడం మొదలుపెట్టాడు. అందరూ వీపులు తిప్పారు. కమ్మరి ప్రోకోపి ఊరుకోక అరిచాడు: "చూడండ్రోయ్, నిప్పెట్టినోడే ఆర్పడానికొచ్చాడు!"

మిచిల్ ట్రాక్టరు ఆపకుండానే జవాబిచ్చాడు: "ముందు నీ నోరు మూసుకో మావా, అడవికంటే అక్కణ్ణుంచే ఎక్కువ పొగొస్తోంది."

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. పార మీద చేతులు వేసుకుని నిలబడ్డాను. అప్పుడు నేను నోరు విప్పవలసింది. విప్పలేదు.

వర్వారా, ఇక నాలుగవ ప్రశ్న.

మార్చి నెలనుంచి నేను పొయ్యికి మొదటి ముద్ద పెట్టలేదు. అట్టు వేసినా, మాంసం ఉడికించినా, పొయ్యికి వీపు పెట్టి తిన్నాను. పొయ్యిలో ఉండే నిప్పుతాతకు అబద్ధంతో అన్నం పెట్టరాదని మనకు చిన్ననాడే చెప్పారు. అందుకని పెట్టలేదు.

కిందటి ఏడు మే నెలలో, నీవు పురిటి ఆవులతో పాలశాలలో ఉన్నప్పుడు, కుబాలాఖ్‌లో పాత గడ్డి తగలబెట్టాను. తాత చేశాడు, నాన్న చేశాడు. అడవిలో ఇంకా మంచు ఉండగానే బయలులో ఎండుగడ్డి కాలిస్తే కొత్త గడ్డి ఒత్తుగా వస్తుంది. అది నిషేధమని అంగడి తలుపుకు ప్రకటన అంటించినవాణ్ణి నేనే. అంటించి, ఇంటికి వచ్చి, అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాను. గంటసేపు కాల్చాను, తడి గోతాములతో కొట్టి ఆర్పాను, చుట్టూ మూడుసార్లు నడిచి చూశాను. పొగ లేదు. ఆరిందనే నమ్మాను. నాన్న ఆర్పినట్టే ఆర్పాను. నాన్న ఆర్పిన నేలమీద కాదన్నది నాకు తట్టలేదు. అప్పటి నేలలో నిప్పు కిందికి దిగడానికి దారి లేదు, జానెడులోనే మంచు. ఇప్పుడు ఉంది. రాత్రిబడిలో ఈ పాఠానికి నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆ వారంలోనే మిచిల్ బాతుల వేటకు వచ్చి మూడువందల అడుగుల అవతల టీ కాచుకున్నాడు. జూలైలో అడవి అంటుకున్నప్పుడు అతని మసిబారిన కెటిలు దొరికింది. "వేటగాని నెగడు" అని నివేదికలో రాసినది నా చేయి. అప్పుడు అదే నిజమని అనుకున్నాను. నామీద నాకు అనుమానమే రాలేదు. నీవు అవమానంతో ఏడ్చి, "నీ ముఖం నాకు చూపించకు" అని సొంత తమ్ముణ్ణి గడపలోనుంచి పంపావు. నేను పక్కన నిలబడి తల ఊపాను.

ఈ మార్చిలో ఎండుగడ్డి తేవడానికి బండి కట్టుకుని వెళితే, మంచులో పిడికిలంత రంధ్రం కనిపించింది. చుట్టూ మంచు పసుపుపచ్చగా ఉన్నది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తవ్వితే లోపల ఎర్రగా నిప్పు. మైనస్ యాభై డిగ్రీల చలికాలమంతా అది మంచు దుప్పటి కింద బతికే ఉన్నది. అది నేను తగలబెట్టిన మడి మధ్యలోనే. అక్కణ్ణుంచి కుంగిన నల్లని దారి ఒకటి అడవివైపు పాకింది. మిచిల్ నెగడు పెట్టిన చోటుకు నడిచాను. రాళ్ళు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. మంచు తుడిచి చూస్తే చుట్టూ గడ్డి కాలనేలేదు.

రంధ్రాన్ని మంచుతో కప్పి, గడ్డి బండి తోలుకుని ఇంటికి వచ్చాను. మూడు నెలలు మాట్లాడలేదు. దళనాయకుడు తెరెంతి, పట్టభద్రుడు తెరెంతి, నోరు విప్పలేదు. ఇంతకన్న ఘోరమైన వాక్యం ఈ ఉత్తరంలో లేదు.

ఆరవ రోజున, కందకం చివర మేమిద్దరమే ఉన్నప్పుడు, మిచిల్‌కు చెప్పాను. విన్నాడు. పార దూరంగా విసిరేశాడు. పది అడుగులు నడిచి నిలబడ్డాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. పార తెచ్చుకుని మళ్ళీ తవ్వాడు. రెండు రోజులు నాతో ఒక్క మాట లేదు. కందకం పూర్తయిన తరువాత, పార మంచుకు తగిలి టంగుమన్నాక, నావైపు చూడకుండా అన్నాడు:

"ఊళ్ళో చెప్పు బావా. అక్కకి రాయి. ఆ తరవాత నాతో మాట్లాడు."

నిన్న ఊళ్ళో చెప్పాను. అదే క్లబ్బులో, అదే కోటు వేసుకుని. నివేదిక తప్పు, నిప్పు నాది, జిల్లాకు సవరణ పంపాను, శిక్ష ఏదైనా స్వీకరిస్తాను అన్నాను. ప్రోకోపి లేచి వెళ్ళి మిచిల్ ముందు టోపీ తీశాడు. మాప్పా అవ్వ మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, "అంత చదువు చదివావు, ఒక్క ముక్క చెప్పడానికి మూడు నెలలు పట్టింది" అన్నది.

నాయకత్వం వదులుకున్నాను. ఊరు మిచిల్‌ను ఎన్నుకున్నది. ఎన్నికైన వెంటనే అతను ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఇది: "బావా, రేపు ఆరింటికి రావాలి. నీకు పార, నాకు ట్రాక్టరు." ఇంకా మూడు చోట్ల నేలలో నిప్పు ఉన్నది.

తప్పు చేసినవాడు సిగ్గుతో ఊరు విడిచిపోతాడనీ, ఇప్పుడు ఆ కాగితంమీద సంతకం పెడతాననీ కొందరు అనుకుంటున్నారు. పెట్టను. నేల చెడగొట్టినవాడు అందరికంటే చివర కదలాలి. కంచె గుంజలు మళ్ళీ పాతుతాను. ఒరిగితే మళ్ళీ పాతుతాను. కాలిన అంచున నాచు పరుస్తాను, లార్చ్ మొక్కలు నాటుతాను. అవి నీడనివ్వడానికి ముప్పై ఏళ్ళు పడుతుందని నాకు తెలుసు, లెక్క కట్టాను. ఈలోగా అడుగు మంచు ఎంత పోతుందో అదీ కట్టాను. లెక్క నాకు వ్యతిరేకంగానే వచ్చింది. అయినా నాటుతాను.

క్షమించమని అడగను; అది నీవు ఆలోచించుకుని చేయవలసిన పని. ఒక్కటే అడుగుతాను. నాకు జవాబు రాయడానికి ముందు నీ తమ్ముడికి రాయి. నాకు రాయకపోయినా సరే, అతనికి రాయి. పెయ్యకు పేరు కూడా అతనికే రాసి పంపు, నేను అతని నోట వింటాను.

ఈ ఉదయం అట్లు వేశాను. మొదటిది వెన్న రాసి పొయ్యిలో వేశాను. నిప్పుతాత చిటచిటమంటూ తిన్నాడు. రెండవదాన్ని చల్లారనివ్వకుండా గుడ్డలో చుట్టాను. గడప ముందు ట్రాక్టరు ఆగిన చప్పుడు వినబడుతున్నది.

ఇట్లు,
నీ భర్త, మిచిల్‌కు బావ,
తెరెంతి