నీ కుర్చీలో లత

రాజన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. మన కమ్యూనిటీ హాలులో క్యారం బోర్డు దగ్గర నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ముగ్గురమే ఆడుతున్నాం.

ఈ సాయంత్రం నీ బిడ్డ లత వచ్చింది. "బాపు జాగల నేనాడుత కాకా" అని కూర్చుంది. నీలాగే ఎడమ చేత్తో కొట్టింది. రెడ్ తప్పింది.

"గంత జోరుగ కొడ్తరా? మెల్లగ!" అని గొంతు చించుకుని అరిచాను. సాంచాల మీద పనిచేసి, ఆ మరమగ్గాల మోతకు నీ చెవులు పోయినప్పటి నుంచి ఆ కుర్చీ వైపు అరవడమే మాకు అలవాటు.

లత నవ్వింది. "నేను సాంచాలు నడుపలే కాకా. నాకు మంచిగనే ఇనవడ్తది."

ఆ తర్వాత అందరం మెల్లగానే మాట్లాడుకున్నాం. మన హాలు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు.